ఒప్పందం ఆగస్టు కోసం రాసుకోండి

మే నెల, ఉదయం ఐదున్నర. నరసరావుపేట పొలిమేరలో ఒక స్విమ్మింగ్ పూల్ ముందు ఇరవై స్కూటీలు, నాలుగు ఆటోలు ఆగి ఉన్నాయనుకోండి. లోపల ఎనభైమంది పిల్లలు. గట్టు మీద కోచ్ విజిల్ ఊదుతున్నాడు. కౌంటరు దగ్గర ఓనరు నోట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"అన్నా, మన వాటా సంగతి ఒకసారి మాట్లాడుకుందామా?" అంటాడు కోచ్.

"చూసుకుందాంలే మాస్టారూ, మనలో మనకేంది!" అంటాడు ఓనరు.

ఇప్పుడు అదే పూల్ దగ్గరికి ఆగస్టులో వెళ్లండి. గేటుకి తాళం. నీళ్లు ఆకుపచ్చగా తిరిగాయి, మెట్ల మీద కప్పలు కూర్చున్నాయి. సీజన్ చివర్లో రావాల్సిన వాటా చేతికి రాలేదని కోచ్ కోపం. పోతూ పోతూ ముప్ఫైమంది తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు పట్టుకుపోయాడని ఓనరు కోపం. వచ్చే వేసవికి ఓనరు కొత్త కోచ్‌ని వెతుకుతాడు, కోచ్ కొత్త పూల్ వెతుకుతాడు. మధ్యలో, మే నెలలో కాళ్లు కొట్టడం వరకు నేర్చుకున్న పిల్లవాడు తర్వాతి మేకి మళ్లీ మొదటికొస్తాడు.

మీరు ఈ ఇద్దరిలో ఎవరు? కోచా, ఓనరా? ఎవరైనా సరే, ఈ అధ్యాయం మీ ఇద్దరిదీ. వీలైతే ఇద్దరూ కలిసి చదవండి. ఒకరు చదివి రెండోవాళ్లకి చెబితే సగం పని పాడవుతుంది.

అసలు తగాదా ఎక్కడ పుడుతోంది? మన దగ్గర బడులకి వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. వేళ్ల మీద లెక్కపెడితే 49 రోజులు. రెంటచింతల ఎండ రాష్ట్రమంతా వార్తల్లోకెక్కేది ఆ రోజుల్లోనే. ఊరు ఊరంతా నీళ్ల కోసం చూస్తుంది కాబట్టి పూల్ నిండుతుంది. ఏడాది సంపాదన అంతా ఈ 49 రోజుల్లోనే లాగెయ్యాలని ఇద్దరూ చూస్తారు. మిగతా పది నెలల గురించి ఒక్క మాటా మాట్లాడుకోరు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. జూన్ 12న బడి గంట కొట్టగానే ఇద్దరూ ఒకరికొకరు బోడి మల్లన్నలైపోతారు.

అందుకే నా మాట ఇది: ఒప్పందం మే కోసం రాసుకోకండి, ఆగస్టు కోసం రాసుకోండి. మే దానంతట అదే గడిచిపోతుంది. ఆగస్టులో పూల్ తెరిచి ఉండాలంటే కోచ్ ఏం చెయ్యాలి, ఓనరు ఏం వదులుకోవాలి? ఈ ప్రశ్నకి జవాబు రాసుకున్నవాళ్ల స్నేహమే నిలుస్తుంది.

1. ముందు రెండు చిట్టాలూ ఒకే బల్ల మీద పెట్టండి

కోచ్‌కి ఓనరు ఖర్చు తెలీదు. ఓనరుకి కోచ్ కష్టం తెలీదు. "నీళ్లేగా, ఒకసారి నింపితే అయిపోయె" అనుకుంటాడు కోచ్. "విజిల్ ఊదడానికి సగం వాటానా?" అనుకుంటాడు ఓనరు. ఇద్దరిదీ తప్పే.

లెక్క చూడండి. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న పూల్ తీసుకుందాం. అందులో పట్టే నీళ్లు దాదాపు 4 లక్షల 37 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 87. ఎండాకాలంలో రోజుకి ఏడు మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందని వేసుకున్నా 2,200 లీటర్లు గాలిలో కలుస్తాయి. సెలవులు అయిపోయేసరికి 21 ట్యాంకర్లు. ఇవి ఎవరూ తాగలేదు, ఎవరూ ఈదలేదు. సూర్యుడు పట్టుకుపోయాడంతే. ఫిల్టరు ఇసుకని వెనక్కి కడిగిన ప్రతిసారీ మూడు, నాలుగు వేల లీటర్లు పోతాయి. ఐదు హార్స్‌పవర్ మోటారు రోజుకి ఎనిమిది గంటలు తిరిగితే 30 యూనిట్లు, నెలకి 900. మీటరు కమర్షియల్‌ది. దాని మీద క్లోరిన్, కాపలా మనిషి జీతం, పగిలిన టైల్స్, ఊడిన నిచ్చెన.

కోచ్ చిట్టా కూడా బల్ల మీదికి రావాలి. ఈత రాని పిల్లల్ని ఒక్కో కోచ్‌కి ఎనిమిదిమందికి మించి ఇవ్వకూడదు. అంటే ఒకేసారి నలభైమంది దిగితే ఐదుగురు కావాలి. వాళ్లకి జీతాలు, కిక్‌బోర్డులు, పోటీలకి పిల్లల్ని తీసుకెళ్లే ఖర్చు. నెలంతా పొద్దున్నే నీళ్లలో నానితే చర్మం ఏమవుతుందో ఏ కోచ్ వేళ్లు చూసినా తెలుస్తుంది.

ఒక్క సాయంత్రం చాలు. టీ తెప్పించుకుని రెండు కాగితాలు ఎదురెదురుగా పెట్టుకోండి. ఎదుటివాడి ఖర్చు అంకెల్లో కళ్ల ముందు కనపడ్డాక బేరం ఆడే గొంతే మారిపోతుంది.

ఖర్చుల బాధ మన ఒక్కళ్లదే కాదు. ఇంగ్లండ్‌లో 2022లో కరెంటు, గ్యాస్ ధరలు పెరిగి పూల్స్ మూతపడే స్థితికొచ్చాయి. ఎందుకంటే వాళ్లు నీళ్లని ఏడాది పొడుగునా వెచ్చబెట్టాలి. ఎక్స్‌మత్ అనే ఊళ్లో 2023లో ఒక చిన్న కంప్యూటర్ డేటా సెంటర్ వేడిని పూల్‌కి మళ్లించి బిల్లు తగ్గించుకున్నారు. మనకి ఆ బాధ లేదు, దేవుడు ఉచితంగానే కాగబెట్టి ఇస్తాడు. మన బాధంతా ఆవిరి, ఖాళీ నెలలు. ఎవరి జబ్బుకి వాళ్ల మందే వెయ్యాలి.

2. నీళ్లు చూసి సంతకం పెట్టండి

కోచ్‌లూ, ఇది మీకు. వాటా ఎంతని అడిగే ముందు మోటారు గది చూపించమని అడగండి. ఫిల్టరు లేని పూల్‌లో, అంటే నింపడం, నాలుగు రోజులయ్యాక వదిలెయ్యడం తప్ప వేరే ఏర్పాటే లేని తొట్టిలో, క్లబ్ పెట్టకండి. ఎంత వాటా ఇస్తామన్నా వద్దు. ఓనరు ఎంత మంచివాడైనా వద్దు. ఒక పిల్లవాడి చెవికి చీము పట్టిందంటే పోయేది మీ పేరే.

మంచి నీళ్లని ఎలా గుర్తుపట్టాలి? లోతు వైపు అడుగున ఉన్న జాలీ గట్టు మీంచి స్పష్టంగా కనపడాలి. కనపడకపోతే ఆ రోజు ఎవర్నీ దింపకండి. అడుగున పిల్లవాడు పడి ఉన్నా కనపడడని దాని అర్థం. రెండోది, పరీక్ష కిట్. పసుపు, ఎరుపు రంగులు చూపే చుక్కల మందులు, ధర ఎక్కువేం కాదు. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి గేటు దగ్గర పలక మీద రాయండి. రాసేది ఓనరు మనిషి, పక్కన పొడి సంతకం కోచ్‌ది. ఈ చిన్న పలక పాంప్లెట్ కన్నా ఎక్కువ మందిని తీసుకొస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు నాలుగు చెప్తాను. నాలుగూ మన ప్రాంతంలో అందరూ చేసేవే.

మొదటిది "నీళ్లు ఎప్పుడు మార్చారు?" అని తల్లిదండ్రులు అడిగితే "నిన్నే మార్చాం మేడమ్" అని గొప్పగా చెప్పుకోవడం. ఫిల్టరు, క్లోరిన్ సరిగా ఉన్న పూల్‌లో వారం వారం నీళ్లు మార్చనక్కర్లేదు. తగ్గినంత పోసుకుంటే చాలు. ఈ సంగతి తల్లులకి ఓపిగ్గా చెప్పాల్సింది కోచ్. ఓనరు చెబితే పిసినారి అనుకుంటారు, మాస్టారు చెబితే నమ్ముతారు. కోచ్ చెప్పే ఈ ఒక్క మాట ఓనరుకి ఒక్కో దఫా 87 ట్యాంకర్లు మిగులుస్తుంది. ఇంతకన్నా పెద్ద వాటా ఏముంటుంది?

రెండోది, కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైందనుకోవడం. చాలాసార్లు అది చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి పుట్టిన వాసన, మంట. మందు తగ్గించడం కాదు దీనికి మార్గం, దిగే ముందు ఒళ్లు కడిగించడం. తలకి పట్టించిన కొబ్బరినూనెతో పిల్లల్ని పంపొద్దని తల్లులకి చెప్పండి. ఆ నూనె తెట్టులా పైకి తేలి గోడలకి జిడ్డు పట్టిస్తుంది.

మూడోది, మధ్యాహ్నం ఎండలో మందు వెయ్యడం. పల్నాడు ఎండకి నీళ్లలోని క్లోరిన్ రెండు మూడు గంటల్లోనే చాలావరకు ఎగిరిపోతుంది. పొద్దు గుంకాక వెయ్యండి, రాత్రంతా పని చేస్తుంది.

నాలుగోది, బ్లీచింగ్ పౌడర్‌ని బొచ్చెతో నేరుగా చల్లెయ్యడం. అందులో సున్నం చాలా ఉంటుంది. సున్నం బట్టీల పిడుగురాళ్ల మన పల్నాడు జిల్లాలోనే ఉంది, సున్నం నీళ్లలో ఏం చేస్తుందో మనకి ఒకరు చెప్పాలా? ముందు ప్లాస్టిక్ బకెట్లో కలిపి, గంటసేపు కదలకుండా ఉంచి, పైన తేరిన తేట మాత్రమే పొయ్యండి. మన బోరు నీళ్లు అసలే ఉప్పన, గరుకు. అడుగున ఆ తెల్లమడ్డి కూడా చేరితే టైల్స్ మీద పెచ్చులు కడుతుంది, పిల్లల కాళ్లు గీరుకుపోతాయి. యాసిడ్ డబ్బా, బ్లీచింగ్ బస్తా ఒకే మూలన పెట్టకండి. అవి రెండూ కలిస్తే వచ్చే గాలి మనిషిని పడేస్తుంది.

3. వాటా కాదు, పునాది అద్దె

మన దగ్గర పద్ధతి సగం సగం. వినడానికి న్యాయంగా ఉంటుంది. ఆగస్టులో పూల్‌ని మూయించేది కూడా అదే.

ఎలాగో చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరివి మీరు వేసుకోండి. సెలవుల్లో క్లబ్ వసూళ్లు మొత్తం 3 లక్షలు. సగం సగం అంటే చెరి లక్షన్నర. జూలైలో పదిహేనుమందే మిగిలారు, తలా 1,200, మొత్తం 18 వేలు. సగం అంటే ఓనరుకి 9 వేలు. దానికి మోటారు తిప్పి, మనిషిని పెట్టి నడపమంటే ఎవరు నడుపుతారు? తాళం వేస్తాడు. తప్పు అతనిది కాదు, ఒప్పందానిది.

ఇలా మార్చి చూడండి. జూలై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలలూ, పిల్లలు వచ్చినా రాకపోయినా, క్లబ్ నెలకి 15 వేలు కట్టాలి. పొద్దున గంటన్నర, రెండు లేన్లు. దానికి బదులు సెలవుల్లో ఓనరు సగం కాకుండా నూటికి నలభై తీసుకోవాలి. ఓనరుకి సీజన్లో లక్షా 20 వేలు, తర్వాత 60 వేలు, మొత్తం లక్షా 80 వేలు. క్లబ్‌కి సీజన్లో లక్షా 80 వేలు, నాలుగు నెలల వసూళ్లు 72 వేలల్లో అద్దె పోను 12 వేలు, మొత్తం లక్షా 92 వేలు. పాత పద్ధతిలో చెరి లక్షన్నరే కదా?

"ఆ నాలుగు నెలలు కరెంటు ఎవడు కడతాడు?" అని ఓనరు అడుగుతాడు. అడగాలి కూడా. నాలుగు గంటలు చాలు కాబట్టి మోటారు బిల్లు సగమే. అయినా మూసి పెడితే ఖర్చు లేదని ఎవరన్నారు? పచ్చబడి దోమలు ముసిరిన నీళ్లు పారబోసి, గోడలు గీకించి, మళ్లీ 87 ట్యాంకర్లు పోయించే ఖర్చు వచ్చే మార్చిలో ఎదురు చూస్తూ ఉంటుంది.

డబ్బు ఎవరు వసూలు చెయ్యాలి? ఒక్కరే చెయ్యాలి, రసీదు పుస్తకం ఒక్కటే ఉండాలి. ప్రతి సోమవారం లెక్క చూసుకోవాలి. నెలాఖరు దాకా ఆగితే అనుమానం పుడుతుంది. మోటారు కాలిపోయి వారం మూతపడితే ఆ ఏడు రోజులు పిల్లలకి ముందుకి జరుపుతామని ముందే రాసుకోండి. అప్పటికప్పుడు గేటు దగ్గర తల్లిదండ్రుల మధ్య నిలబడి తేల్చుకునే విషయం కాదిది. డిసెంబరు, జనవరి వదిలెయ్యండి. వెచ్చబెట్టని నీళ్లలో పొద్దున్నే పిల్లల్ని దింపమని నేను చెప్పను. మరీ కావాలంటే మధ్యాహ్నం మూడింటికి మార్చుకోండి.

4. ఆగస్టులో ఎవరొస్తారు?

చాలామంది కోచ్‌లు ఇక్కడ చేతులెత్తేస్తారు. "పిల్లలు బడికి పోతే ఇంకెవరు సార్?" నలుగురున్నారు, వినండి.

ఒకరు, పోటీలకెళ్లే పిల్లలు. స్కూల్ గేమ్స్ ఎంపికలు మొదలయ్యేదే బడులు తెరిచాక. మే అంతా నేర్పించి, సరిగ్గా ఎంపికలు దగ్గరపడే వేళకి పూల్ మూసేస్తున్నాం. పరీక్ష ముందు రోజు పుస్తకం దాచేసినట్టు లేదూ? మీ దగ్గర నేర్చుకున్నవాళ్లలో పదిమందిని ఏరి, వాళ్ల తల్లిదండ్రుల్ని పిలిచి ఈ సంగతి చెప్పండి. విజయవాడలో సర్ విజ్జీ పూల్, విశాఖ బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉన్నాయి. అక్కడి పిల్లలతో మాచర్ల పిల్లవాడు పోటీ పడాలంటే 49 రోజుల ఈత సరిపోతుందా?

రెండోవారు ఆడవాళ్లు. పొద్దున పది నుంచి పదకొండున్నర, పిల్లల్ని బడికి పంపాక. లేడీ కోచ్ ఉండాలి. గేటు దగ్గర కూడా ఆడమనిషే ఉండాలి. రోడ్డు వైపు తెర, లోపలికి ఫోన్లు నిషేధం. బట్టలు మార్చుకునే గది దరిదాపుల్లో కెమెరా ఉండకూడదు. ఈ ఏర్పాట్లు మాటలతో కాదు, ముందే చేసి చూపించాలి. ఒక్క బ్యాచ్ ధైర్యంగా వచ్చిందా, పదోరోజుకి "మా వదిన కూడా వస్తానంటోంది" అంటారు. సామర్లకోటలో పుట్టిన గోలి శ్యామల నలభై దాటాకే ఈత నేర్చుకుని 2021 మార్చిలో పాక్ జలసంధి ఈదారు. ఆ కథ చెప్పండి. మీ దగ్గరికొచ్చేవాళ్లు సముద్రం ఈదనక్కర్లేదు, మోకాళ్ల నొప్పులు తగ్గితే చాలు.

మూడోవారు బడులు. వారానికి ఒక్క పీరియడ్ ఈతకి ఇవ్వమని రెండు ప్రైవేటు స్కూళ్లని ఒప్పించండి. బస్సు వాళ్లది, నీళ్లు ఓనరువి, నేర్పడం మీది. నాలుగోవారు డాక్టర్లు, లాయర్లు, లెక్చరర్లు. ఉదయం ఆరింటికి వస్తారు, ఏడింటికి పోతారు, ఫీజు బేరమాడరు. టవల్ మాత్రం మర్చిపోతారు.

ఇంకొకటి. జూలై 25 ప్రపంచ మునక నివారణ దినం. 2021లో ఐక్యరాజ్యసమితి పెట్టింది. సరిగ్గా మన ఖాళీ నెలలో పడింది. ఆ రోజు ఊరి పిల్లలందరికీ ఉచితంగా గేటు తెరవండి. నీళ్లలో పడితే వెల్లకిలా తేలడం, ఒడ్డు పట్టుకోవడం, ఇంకొకడు మునుగుతుంటే తాను దూకకుండా తాడు విసరడం, ఈ మూడే నేర్పండి. మన దేశంలో 2022లో 38 వేలమందికి పైగా నీళ్లలో మునిగి చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. నాగార్జునసాగర్ కుడి కాలువ మన జిల్లా నడుమ పారుతోంది. క్వారీ గుంతలకి కొదవ లేదు. మా చిన్నప్పుడు నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి దిగుడుబావిలోకి తోసేవాళ్లు, రెండు వారాల్లో ఈత వచ్చేది. ఇప్పుడు ఆ బావులూ పూడాయి, తోసే బాబాయిలూ లేరు. ఆ బాబాయి పని ఇక మీదే.

5. గట్టున ఎవరు?

ఒక దృశ్యం. కోచ్ నీళ్లలో ఉన్నాడు, ఒక పాప నడుము కింద చెయ్యి పెట్టి తేలడం నేర్పిస్తున్నాడు. కాపలా మనిషి గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు. లోతు వైపు ఒక పిల్లవాడు కాలు జారాడు. ఎవరు చూస్తారు?

కోచ్ "గార్డు ఉన్నాడుగా" అనుకుంటాడు. ఓనరు "కోచ్ ఉన్నాడుగా" అనుకుంటాడు. ప్రాణాలు పోయేది ఈ రెండు "ఉన్నాడుగా"ల మధ్యలోనే. నీళ్లలో కేకలు వేసి, చేతులూపి మునిగేవాళ్లు సినిమాల్లోనే ఎక్కువ. నిజంగా మునిగే పిల్లవాడికి అరవడానికి ఊపిరి ఉండదు, చప్పుడు లేకుండా కిందికి పోతాడు. అందుకే కాగితం మీద రాయండి: నేర్పేవాడు వేరు, కాపలా కాసేవాడు వేరు. కాసేవాడి చేతిలో ఫోన్ ఉండకూడదు, ఇంకో పని ఉండకూడదు. జీతం ఓనరుది, రావడం ఆలస్యమైతే బ్యాచ్ ఆపే హక్కు కోచ్‌ది.

గట్టు మీద పొడవాటి వెదురుగడ, తాడు కట్టిన ట్యూబు, 108 నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. పిల్లవాణ్ణి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం మన పాత అలవాటు. మానెయ్యండి, విలువైన క్షణాలు పోతాయి. ఊపిరి లేకపోతే నోట్లో ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కాలి. ఇది చదివి వచ్చే విద్య కాదు. సీజన్ ముందు ఒక డాక్టరుని పిలిచి, కోచ్‌లు, గార్డు, కౌంటరు మనిషి, ఓనరు అందరూ బొమ్మ మీద చేసి చూడండి. అడుగున నీళ్లు పీల్చే రంధ్రం మీద మూత పగిలి ఉంటే మోటారు ఆపి, మూత వేసేదాకా పూల్ మూసెయ్యండి. నీళ్ల దగ్గరున్న ప్రతి కరెంటు తీగకీ షాక్ కొడితే తనంతట తానే ఆగిపోయే స్విచ్ ఉండాలి. ఈ ఒక్క అంశంలో వాటాల్లేవు, బేరాల్లేవు.

6. ఫ్రీ పాసులు, ఫోన్ నంబర్లు

చిన్న విషయాలు. కానీ కోడిపందెం దగ్గర మొదలై కారెంపూడి రణరంగం దాకా పోయిన పల్నాటి యుద్ధం చరిత్ర మనది.

ఓనరు బావమరిది పిల్లలు, వీధి పెద్దాయన మనవలు, ఎవరో ఆఫీసరు గారి చుట్టాలు, కోచ్ గారి స్నేహితుడి కొడుకు. లెక్కేస్తే ఇరవైమంది ఫ్రీ. ఓనరుకి ఐదు, క్లబ్‌కి ఐదు అని రాసుకోండి. ఆరోవాడొస్తే ఎవరు పంపారో వాళ్లే ఫీజు కట్టాలి. "కాగితంలో అలా ఉందండీ" అనే మాట మొహమాటానికి మంచి మందు. క్లబ్ ఐదింటినీ మాత్రం ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలకి ఇవ్వమని నా కోరిక.

పిల్లల జాబితా ఎవరిది? ఇద్దరిదీ. చెరొక ప్రతి ఉంచుకోండి. ఇక దొంగతనం మాటే ఉండదు. విడిపోవాలంటే రెండు నెలల ముందు చెప్పాలి, అదీ ఏప్రిల్, మే, జూన్లలో కాదు.

7. గేటు బయట బిందెలున్నాయి

కాలువ కట్టేసి, ఊరి చెరువు అడుగంటి, మంచినీళ్ల ట్యాంకర్ చుట్టూ బిందెలు వరస కట్టిన రోజున మీ పూల్‌లోకి నాలుగు ట్యాంకర్లు దిగాయనుకోండి. చూసేవాళ్ల కడుపు మండదా? మండుతుంది, న్యాయంగానే మండుతుంది. పూల్ ఫిబ్రవరిలోనే, బోర్లలో నీళ్లున్నప్పుడే నింపుకోండి. వానాకాలంలో కప్పు మీది నీళ్లు పూల్ పక్క సంపులోకి మళ్లించుకోండి. ఫిల్టరు కడిగిన నీళ్లు రెండు రోజులు తొట్టిలో ఉంచితే క్లోరిన్ పోతుంది, చెట్లకి పెట్టుకోవచ్చు. రాత్రిపూట నీళ్ల మీద ప్లాస్టిక్ పట్టా పరిస్తే ఆవిరి బాగా తగ్గుతుంది. పరిచేది, తీసేది పొద్దున్నే వచ్చే క్లబ్ కుర్రాళ్లు. పట్టా కొనేది ఓనరు.

ఇదంతా ఎన్ని పేజీల ఒప్పందం అవుతుంది? రెండు. ఇల్లు అద్దెకి ఇచ్చినట్టే పదకొండు నెలలకి రాసుకోండి. నాలుగు నెలల పునాది అద్దె, సీజన్ వాటా, లేన్లు, వేళలు, నీళ్ల పలక, గట్టున కాపలా, ఫ్రీ పాసులు, విడిపోయే గడువు. క్లబ్‌ని సొసైటీగా రిజిస్టరు చేయించుకుంటే సంతకం వ్యక్తిది కాక సంస్థది అవుతుంది, కోచ్ మారినా కాగితం నిలుస్తుంది.

ఎప్పుడు రాసుకోవాలి? మేలో మాత్రం కాదు, అప్పుడు ఇద్దరికీ తల తిరుగుతూ ఉంటుంది. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం పూల్ గట్టున రెండు కుర్చీలు వేసుకోండి. నీళ్లు ఇంకా తేటగానే ఉంటాయి. "మాస్టారూ, ఆగస్టు సంగతేంది?" అని ఓనరే ముందు అడగాలి. అడగలేదా, కోచ్ గారూ, మీరే అడగండి.